ఊపిరి కత్తిరించే ఉద్యోగం

డులూత్‌లో, సరస్సు ఒడ్డున, లైబ్రరీ బేస్‌మెంట్‌లో
గోడలకి గుడ్ల అట్టలు అంటించిన గది.
చూపులేని వాళ్లకోసం ఐలీ పాత నవలలు చదువుతుంది.
అద్దానికి ఇవతల కూర్చుని
ఆమె ఊపిరిని కత్తిరిస్తాను.
నాకు జీతం దానికే.

రచయితల పేర్లు మేం పలకం.
సోమవారం ఆయన, గురువారం ఆవిడ.
ఇద్దరూ పోయి డెబ్బై ఏళ్లు.

సోమవారం ఆయన వాక్యం
రేవుకు దిగే ఇనపరాతి రైలు.
గేటు దగ్గర నిలబడి, పెట్టెలు లెక్కపెట్టి,
లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టి, టీ చల్లారి,
ఎక్కడికి బయల్దేరామో మరిచిపోయి,
అన్నీ అసమాపకాలే.
సమాపక క్రియ మాత్రం
వంటవాడు దాచిన నేతిగిన్నెలా
ఆఖరి బంతికే.
మా తెలుగు మేష్టారు వింటే
యతి ఎక్కడ పడిందమ్మాయ్ అనేవారు.

గురువారం ఆవిడ
మాటకింతని కూలి ఇచ్చుకున్నట్టు రాస్తుంది.
చలిలో నోరు తెరిస్తే
పళ్లు జివ్వుమంటాయని తెలిసినదానిలా.

ఇద్దరి నవలల్లోనూ జనవరిలో ఒక చావుంది.
ఆయనకి పేజీన్నర:
గడ్డపార, దాని మొన మీద మంచు,
దాన్ని అరువిచ్చిన పొరుగాయన,
ఆ పొరుగాయన తాత కొన్న పొలం,
పొలం మీద కోర్టు వ్యవహారం,
చివరికి, అలిసిపోయి, శవం.
ఆవిడకి రెండు వాక్యాలు.
నేల గడ్డకట్టింది. వసంతం దాకా ఆగారు.

ఆ మొదటి చుక్క దగ్గర
ఐలీ పెద్దగా గాలి పీల్చింది.
తీసేశాను. శుభ్రంగా వచ్చింది.

పొడుగు వాక్యమే ఊపిరి తింటుందనుకునేదాన్ని.
ఐలీకి ఊపిరితిత్తి సగం తీసేశాక
సోమవారాలెలా అని భయపడితే నవ్వింది.
"ఆయన మోసుకుపోతాడు, నేను పట్టుకు వేలాడతానంతే.
ఆవిడే, చుక్క చుక్కకీ దింపేస్తుంది.
ప్రతిసారీ నేనే లేవాలి."

మార్చిలో హిబ్బింగ్ నుంచి ఫోను. వుకెలిచ్ గారట.
నలభై ఏళ్లు ఆ రాతి రైలే నడిపి
ఇప్పుడు రాత్రీ పగలూ ఒకటైనాయన.
"పన్నెండో అధ్యాయం.
నేల గడ్డకట్టిందన్నాక
అక్కడొక మనిషి ఉండాలి కదమ్మా.
ఏమయింది?"

పాత ఫైలు తవ్వాను.
సెకను మీద కొంచెం.
ముక్కు దిబ్బడ, సన్నటి ఈల, కుర్చీ కిర్రుమనడం.
తెచ్చి, దాని చోట అతికించాను.

సోమవారాల్లోంచి కోసినవి
గుప్పెళ్ల కొద్దీ ఉండాలి.
ఎక్కడ పెట్టానో
ఇంకా దొరకలేదు.