శీర్షిక రెండు

నయీంనగర్ల మా డీటీపీ షాపు.
రేపు పొద్దున రవళిక థీసిస్ బైండింగుకు పోవాలె.
కొత్తవాడ జంపఖానాల మీద నాలుగేండ్ల పని.
విషయసూచిక కోసం మీట నొక్కితే
మూడో అధ్యాయమే రాలే.

"గింత పెద్దగ ఉంది కదన్నా,
కనబడ్తలేదా దానికి?"

పెద్దగుంటే కాదమ్మా.
అక్షరం లావు చేసినవు,
పద్దెనిమిది పాయింట్లు పెట్టినవు,
నడిమిట్ల నిలబెట్టినవు,
ఇది శీర్షికని మాత్రం చెప్పలే.
యంత్రానికి అది ఇంకా
పెండ్లిబట్టలు కట్టుకున్న మామూలు పేరానే.

ఒకటి కింద రెండు, రెండు కింద మూడు
సర్దుకుంట కూసున్నం.
చాయ్ మీద మీగడ కట్టింది.

ఈసారి అన్నీ వచ్చినయి.
నూట నాలుగో పేజీ కాడ ఒకటి ఎక్కువొచ్చింది:
"నా పేరు యాడ రాయలే బిడ్డా,
అంచు చూస్తే నేనని ఎరుకైతది."

చిలువేరు లచ్చవ్వ మాట.
ఎన్నడో చెయ్యి జారి శీర్షిక రెండు తగిలింది,
మీదికెళ్లి చిన్నగ, వాలుగ చేసుకునేసరికి
ఇన్ని దినాలు మా కంటికి ఆనలే.

తీసేద్దామని మౌసు పట్టిన.
రవళిక స్క్రీన్ దిక్కే చూస్తాంది.
"ఉండనీ అన్నా."
గైడ్ సారు అడిగితే?
"అంచు చూడమంట."

ప్రింటరు మీదికెళ్లి కాగితం వేడివేడిగ దిగింది.
లచ్చవ్వ మాట కాడ మొదలై
నూట నాలుగు దాకా చుక్కల వరుస,
యాడా తెగని పేక.

ఆ పేజీకి పైసలు తీసుకోలే.
తీసుకుంటే మాత్రం ఎవరి పేరు మీద రాయాలె?