లోపలి కుట్టు

హన్మకొండ చౌరస్తాల
మూడు జతలు వంద రూపాయలని
బండి మీద కుప్ప పోసి అమ్ముతడు.
పోయినేడు పాకాల అడవిల
ఇరవై ఐదో కిలోమీటరు కాడ
నా ఎడమ కాలి చిటికెన వేలు
ఆ వంద రూపాయల లెక్క అడిగింది.

పొక్కు అంటే చిన్నమాట.
ఎంజీఎంల పదకొండేండ్ల సంది కట్లు కడుతున్న,
కాలిన చేతులు, చితికిన మోకాళ్లు ఎన్ని చూసిన!
గని నా సాక్సు నేనే కత్తెరతోని కోసుకుంటుంటె
కండ్లల్ల నీళ్లు తిరిగినయి.
పత్తి తడిసి ముద్దయింది.
వాగు దాటిన నీళ్లు అండ్లనే ఉన్నయి,
గడ్డి మీది మంచు అండ్లనే, చెమట అండ్లనే.
పత్తి దేన్నీ మర్చిపోదు.

ఈ ఏడు యాభై కిలోమీటర్లకు పేరిచ్చిన.
అందరు బూట్ల గురించే అడుగుతరు.
"ఏ కంపెనీ సిస్టర్? ఎంతవడ్డయి?"
సాక్సు సంగతి ఒక్కలడగరు.
పెండ్లి ఫొటోల వంటమనిషి లెక్క
అది ఎన్నడు కనవడది.

కొత్తవాడల మా కిరాయి ఇంటెనుక
జంపఖానాలు నేసే ఆడెపు రాజలింగం.
అరవై ఏడేండ్లు. ఆయనకు పరుగంటే
బస్సు కోసం ఉరుకుడే.
నేను తెప్పించిన నాలుగు జతలు
మగ్గం పక్కన పరిచిన.
రంగు చూడలే, ధర అడగలే.
ఒక్కోదాన్ని తిరగేసిండు,
కోడి కడుపు సాఫు చేసినట్టు.
కండ్లు మూసుకొని
వేళ్ల కాడి కుట్టు మీద బొటనవేలు నడిపిండు.

"గిది వద్దు బిడ్డా. ముడి ఉంది.
ఇప్పుడు ఆవగింజ,
వెయ్యి అడుగులకు శనగ గింజ,
పొద్దుగూకేటాళ్లకు గులకరాయి."

రెండోది గుంజి వదిలిండు.
"సాగింది సాగినట్టే ఉండె. మడిమె కింద మడతవడ్తది.
మడతను మించిన పగోడు లేడు,
జంపఖానాకైనా, కాలికైనా."

మూడోది ఐదు వేళ్లకు ఐదు గదులు.
చేతికి తొడుక్కొని చాలసేపు చూసుకున్నడు.
"అన్నదమ్ములు వేరువడ్డట్టుంది.
మంచిదే, కొట్లాట ఉండదు.
గని నీ చిటికెన వేలు వంకర. దాని గది దానికి పట్టది."

నాలుగోది ఊలు. నేను నవ్విన.
వరంగల్ ఎండల ఊలా తాతా?
ఆయన నవ్వలే.
"గొంగడి కప్పుకున్న గొర్లకాపరిని
వానల ఎన్నడన్న అడిగినవా?
అది తడుస్తది. తడిని తనకాడ ఉంచుకుంటది,
పెయ్యికియ్యది.
గిది పల్చటి నేత, ఎండకు ఓర్సుకుంటది.
ఇండ్ల కుట్టు ఉంది, గని సన్నగ.
తిరగేసి తొడుక్కో.
కుట్టు బూటుకు తాకనీ, నీకెందుకు?"

నెల రోజులు నైట్ డ్యూటీ దిగి
వడ్డేపల్లి కట్ట మీద అవే తొడుక్కొని ఉరికిన,
నా చెమట వాటికి, వాటి గరుకు నాకు
అలవాటు చేసుకున్నం.

డిసెంబరు, ఆదివారం.
ఇంకా వెలుగు రాలే, తునికాకుల మీద మంచు.
గీత కాడ ఒక కాలేజీ పిలగాడు వంగి చెప్పిండు:
"మేడం, సాక్సు ఉల్టా ఏసుకున్నరు."
తెలుసన్న.
వాడు నమ్మలే.

రెండు వాగులు దాటిన.
ఉత్తరేణి గింజలు పట్టినయి,
ఊలుకు చుట్టరికం ఎక్కువ.
ఒక బండ మీద కూసొని పీకుతుంటె
పదిమంది నన్ను దాటిపోయిండ్రు.
పోనీ.
ముప్పై ఎనిమిది కాడ మోకాలు తిట్టింది,
నడుము తిట్టింది.
పాదాలు మాత్రం
సప్పుడు చెయ్యలే.

తెల్లారి ఉతికి ఆరేసిన జత
రాజలింగానికి చూపిన.
గెలిచినవా అని అడగలే.
ఎడమ దాన్ని వెలుతురుకెత్తి
మడిమె బయటి అంచున పల్చబడ్డ చోటు పట్టుకున్నడు.
"అలిసినప్పుడు ఇటు ఒరుగుతవు."

వార్డుల తెల్లారుగట్ల గోడకు
నేను ఒరిగేది ఆ దిక్కే.
ఆయనెన్నడు ఆసుపత్రికి రాలే.

"గీ రంగు దారం దొరుకుతదా?" అన్నడు
సూది కోసం గూట్ల దేవులాడుకుంట.