గుణుపురంలో వేసవి నవలలు

విశాఖ పాసింజరులో దిగిన అట్టపెట్టె
మా జెరాక్సు కొట్లో బల్ల కింద ఉంది.
పదకొండు కొత్త నవలలు.
పాలపళ్ళు ఊడిపోయి
మీసాలింకా మొలవని వాళ్ళ కోసం.
ఏది మంచిదని నన్నడక్కండి.
ఏది ఎక్కడ కూచుని చదవాలో
అది మాత్రం చెప్పగలను.

ఆకుపచ్చ అట్టది మేక కథ.
సర్వే వాళ్ళ పటంలో
సరిహద్దు గీత ఉన్న ముక్కనే ఏరి నమిలేస్తుంది.
తెల్లారేసరికి ఏ ఊరు ఏ రాష్ట్రానిదో
తాసిల్దారుకే తెలీదు.
వంశధార ఇసుకలో, పుచ్చపాదుల కాపలాపాకలో చదవాలిది.
నవ్వు గట్టిగా వచ్చినా
వినేవి కాయలే.
కూర్మినాయుడూ, ఇది నీకు.
పేజీలు మడతపెట్టావో,
వచ్చే ఏడు ఎండ తప్ప నీకేమీ ఇవ్వను.

లెక్కల్లో తప్పిన దెయ్యం కథ
మధ్యాన్నం రెండింటికి, కరెంటు పోయాక.
రాత్రి చదివితే భయం వెయ్యదు, జాలేస్తుంది.
అదే దాని లోపం.

లావుపాటి దాంట్లో
మొదటి నలభై పేజీలూ ఏమీ జరగదు.
ఒక పిల్ల, ఒక రైల్వే గేటు,
గేటు కాసే పెదనాన్న, ఆయన దగ్గు.
నలభై ఒకటో పేజీలో
గేటు పడదు.
మార్థా సబర్, ఈ ఊళ్ళో అంత ఓపిక నీకొక్కదానికే.
చీమలపుట్ట ముందు పూటంతా కూచున్నదానివి.

బొడ్డేపల్లి మినతి గుమ్మంలోనే ఆగిపోయింది.
చేతిలో వాళ్ళ నాన్న ఐసు ఫ్యాక్టరీ రసీదులు,
రెండేసి కాపీలకి.
మిషను వేడెక్కేదాకా పెట్టెలోకే చూసింది.
"నాకు తెలుగు మాటాడ్డమొచ్చు, తిట్టడమొచ్చు,
కలలొచ్చినా తెలుగులోనే.
సదవడమే రాదు.
మా బళ్ళో ఒడియా కదా."

రసీదు వెనక రెండు అక్షరాలు గీశాను.
చూడు, వాళ్ళది గొడుగేసుకుంది,
మనది తలకట్టు కట్టుకుంది.
ఎండ ఒకటే.
అప్పటికప్పుడు తోచిన మాట.
మినతికి నచ్చలేదు.
నీలం అట్ట మీద
నోరు బార్లా తెరిచి అరుస్తున్న పిల్లని చూపించి
"ఇదేటంటంది?" అంది.

నాకేం తెలుసు? నేనూ చదవలేదింకా.

రెండుసార్లు చదివాను.
ఇరవయ్యేళ్ళుగా పుస్తకాలిస్తున్నాను,
ఇంతకన్నా మంచి సిఫారసు
ఎవరికీ చెయ్యలేదు.

ఏప్రిల్ పోయింది. మే పోతూ పోతూ
మా కొట్టు రేకుల మీద పడుకుని మరీ పోయింది.
జూన్‌లో బడులు తెరిచాక
నీలం పుస్తకం తిరిగొచ్చింది.
కౌంటరు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ప్రతి తెలుగు మాట నెత్తినా
పెన్సిలుతో సన్నగా ఒడియా అక్షరాలు.
ఎవర్ని అడిగి రాసుకుందో,
వాళ్ళ అమ్మమ్మనో, గోడల మీది ప్రకటనలనో.
అరవయ్యొకటో పేజీ దాకా అన్నిటికీ.
అరవై రెండులో అయిదింటికి.
అరవై మూడులో ఒక్క "క్ష"కి.
ఆ తర్వాత తెల్లటి అంచులు.

మానేసిందా? వచ్చేసిందా?
పిలిచి అడగబోయి ఊరుకున్నాను.
చివరి పేజీ తీశాను.
బొటనవేలంత మామిడితాండ్ర మరక,
సరిగ్గా ఆ పిల్ల
ఎందుకరిచిందో తెలిసే చోట.

రబ్బరు వెతుకుతున్నాను.
అరవై మూడు పేజీల పెన్సిలు చెరపాలంటే
సాయంత్రం దాకా పడుతుంది.
ఇంతలో టుకునా వచ్చాడు,
వీధి చివర టైర్ల కొట్టు వాళ్ళబ్బాయి.
"మినతి రాసిందివ్వండి.
కొత్తదొద్దు."

రబ్బరు సొరుగులో పడేశాను.
"ఎక్కడ కూచుని చదవాలి?" అన్నాడు వాడు,
నా సంగతి తెలుసు కనక.

బయట మొదటి వాన.
గొడుగు తెచ్చుకున్నావురా, అని అడిగాను.