క్రియ ఎక్కడ కూర్చుంటది?

సోహార్ క్యాంపుల మాది పద్నాలుగో నంబర్ రూం.
ఎనిమిది మంచాలు, ఒక ఏసీ.
అది దగ్గుతుంటేనే మాకు నిద్ర, ఆగితే మెలకువ.
శుక్రారం పొద్దున బట్టలు పిండి ఆరేసినంక
టెక్కలి కూర్మారావు బడి పెడతడు.
బోర్డు లేదు, ఫ్రిజ్ అట్టడబ్బా చింపి గోడకు కట్టిండు.
సుద్దముక్క లేదు, పైపుల మీద గీసే వెల్డింగ్ చాక్.
ఫీజు మనిషికొక ఉల్లిగడ్డ.

మొదటి పాఠం మంచమే.
"లింబాద్రి ఎక్కడున్నాడు?"
మంచం మీద. ఆన్.
"ఆడి సెప్పులు?"
మంచం కింద. అండర్.
"మరి ఆడి డబ్బులు?"
ఆర్మూర్ల వడ్డీ సేటు జేబుల.
"ఇన్" అన్నడు లింబాద్రే, గోడ దిక్కు తిరిగి,
"లోపల. మస్తు లోపల."
ఆ దినం సంది 'ఇన్' కాడ నేను తప్పలే.

"మన క్రియకి బద్ధకం బాబూ.
అందరూ ఎక్కీసినాక ఎక్కి
బస్సులో ఎనకసీట్లో కూకుంటాది.
ఇంగ్లీషోడి క్రియ అలా కాదు,
డ్రైవర్ ఎనకాలే."
అట్ట మీద రాస్తే నాకు ఎక్కలే.
తెల్లారి నాలుగున్నరకు సైట్ బస్సుల
మమ్ములనే వాక్యం చేసి కూర్చోబెట్టిండు:
ముందట నేను 'ఐ',
నా వెనక పోశెట్టి 'లిఫ్ట్',
పోశెట్టి వెనక మస్తాన్‌వలి 'పైప్'.
పోర్టు మలుపుల గుంతకు బస్సు ఎగిరింది.
పోశెట్టి లేచి మస్తాన్‌వలి అవతల పడ్డడు.
"అదిగో, తెలుగైపోనాది!" అన్నడు మాస్టరు.
బెంగాలీ డ్రైవరు సుత నవ్విండు, ఏం సమజైందో.

మనకాడ లేని చిన్నమాటలు రెండు.
'ఎ' అంటే ఏదో ఒకటి,
'ది' అంటే నీకూ నాకూ ఎరుకైంది.
స్టోర్ల దొరికేది ఎ హెల్మెట్.
నా బిడ్డ మౌనిక పేరు లోపల రాసుకున్నది ది హెల్మెట్.
మెస్సుల పప్పుకు ఏది పెట్టాలె?
ఆలోచన లేకుంట అందరం 'ది' అన్నం,
మూడేండ్ల సంది అదే పప్పు.

ఒక శుక్రారం పోశెట్టి లేచి నిలబడ్డడు.
అప్పటిదాక నోరిప్పనోడు.
ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్
ఫర్ ఎలెవెన్ ఇయర్స్.
ఒక్క తప్పు లేదు.
ఎవ్వలం చప్పట్లు కొట్టలే.
"కరెక్టు" అన్నడు కూర్మారావు, చాక్ జేబుల పెట్టుకుంట.
ఆ దినం బడి అక్కడికే.

తర్వాత నోటీసొచ్చింది మెస్సు తలుపు మీద,
జీతాలు ఆలస్యం చేయబడినవి అని.
మాస్టరు దాన్నే పాఠం చేసిండు.
"ఇది పాసివ్. ఇందులో సేసినోడు దాక్కుంటాడు.
'బై' అని తలుపు కొట్టండి, బయటికొస్తాడు."
ఆదివారం నేను ఆఫీసు కిటికీ కాడ నిలబడ్డ.
కాళ్లు వణుకుతనే ఉన్నయి.
"బై హూమ్, సార్?"
టైంకీపర్ పెన్ను కింద పెట్టిండు,
నా మొఖం, నా కార్డు రెండుసార్లు చూసిండు,
ఎవలికో ఫోన్ చేసిండు.
మర్నాడు రాలే జీతం. గురువారం వచ్చింది.
నా ఇంగ్లీషుకే వచ్చిందని చెప్ప,
కని మాస్టరుకు ఆ వారం రెండు ఉల్లిగడ్డలిచ్చిన.

ఒక్కటే అడగంగ ఆయన సుత ఆగిండు.
ఫోర్‌మన్ మాటమాటకు 'వీ' అంటడు.
వీ అంటే మనమా, మేమా?
కూర్మారావు అట్ట దిక్కు శానాసేపు చూసిండు.
"ఆ తేడా ఆడికి నేదురా.
పనున్నప్పుడు మనం,
బోనస్సున్నప్పుడు మేం."

ఇయ్యాల కూర వంతు నాది.
పీట ముందు కూర్చొని
వీ ఆర్ కటింగ్ ఆనియన్స్ అన్న, ప్రాక్టీసుకు.
"ఏ వీ?" అన్నడు లింబాద్రి
మంచం దిగి,
ఇంకో కత్తి వెతుక్కుంట.