నూటపది దిర్హాముల గాలి

పగలంతా నేను గాలికి తొవ్వ ఏస్త.
బతాకా మీద డక్ట్ మేన్ అని ఉంటది.
నలభై అంతస్తుల బిల్డింగుల
చల్లగాలి ఎక్కడ దిగాలె, ఉడుకుగాలి ఎక్కణ్నుంచి పోవాలె,
జీఐ రేకు మీద గీత కొట్టి మడత పెట్టేది నేనే.
మూల ఇరుకైతే గాలి ఈలేస్తది.
ఆ ఈల విని ఎన్నో ఫ్లోరో చెప్త.

అట్లాంటోని బండికి దమ్ము రోగం.

ప్రజీష్ కోళికోడ్ పోతూ తొమ్మిది వందలకు అంటగట్టిండు.
అల్ ఘైల్ సనాయా దాటి కొండ మలుపులు మొదలైతే చాలు
మూడో గేరుల దగ్గు, రెండో గేరుల మూల్గుడు.
నీళ్ల ట్యాంకరు నన్ను దాటిపోతుంటే
డ్రైవరు చెయ్యి ఊపేటోడు.
మర్యాదకే ఊపేటోడు. అదే కాలేది నాకు.

కొత్త పైపు ఎనిమిది వందలన్నడు షాపోడు.
మెరిసే ఫిల్టరు వేరే.
జీతం ఎంతో చెప్పకుంట బయటికొచ్చిన.

ఎయిర్ బాక్సు మూత అరచెయ్యంత కోసి
సైట్ల మిగిలిన రేకు ముక్కతోని మెడ చేసిన,
ట్యాంకు కింద నీడ దిక్కు తిప్పిన.
ఇక్కడి ఇసుక గోధుమపిండి కంటె సన్నం.
గాలి కావాలె, ఎడారి వద్దు.
పది దిర్హాముల ఫోము, రెండు పొరలు,
నూనెల తడిపి పిండి, పిండి మళ్ల తడిపి.

స్క్రాపుల దొరికింది స్టీలు పైపు,
ఏదో హోటల్ వంటింటిది, ముప్పై అయిదు.
లోపల జల్లెడ గొట్టం, చుట్టూ మా డక్టుల గ్లాస్ ఊలు.
అది చేతులకు గుచ్చుకుంటది, రెండు రోజులు నిద్రల గూడ గీక్కున్న.
షేర్ జమాన్ వెల్డింగుకు ముప్పై అడిగిండు.
"నీకు జోరు కావాల్నా, శోరు కావాల్నా?" అన్నడు.
జోరే అన్న.
అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

కిక్కు కొడితే ఏమైందంటే
దీపావళి అయింది. టపటపటప.
ప్లగ్గు ఇప్పి చూస్తే సున్నం లెక్క తెలుపు.
గాలి ఎక్కువైంది, తిండి తక్కువైంది:
వచ్చిన మొదటేడు నా ఒళ్లు గూడ గిట్లనే ఉండె.
పదిహేనుకు పెద్ద జెట్టు తెచ్చి బిగించి,
కొంచెం తిప్పి, ఉరికించి, ఆపి, కాలే ప్లగ్గును గుడ్డతోని పట్టి,
మళ్ల తిప్పి
చివరికి పాల చాయ్ రంగొచ్చింది.
క్లాంపులకు ఎనిమిది, గాస్కెట్ సిలికానుకు పన్నెండు.
చాయ్‌లు లెక్కేయలె.

శుక్రవారం కొండ మీద ట్యాంకరును దాటిన.
నేను గూడ చెయ్యి ఊపిన.
మర్యాదకే.

ఎండకాలం డ్యూటీ తెల్లారగట్ల నాలుగున్నరకు.
సోమవారం క్యాంపు ముంగట బండి స్టార్ట్ చేస్తే
రేకు గోడలన్ని వణికినయి.
మా రూంల బాజన్న సిమెంటు ఫ్యాక్టరీ నుంచి
రెండింటికి వచ్చి పన్నోడు.
తిడ్తడనుకున్న.
తిట్టలె. మరునాడు పొద్దుగాల చూస్తే
రెండు చెవులల్ల దూది పెట్టుకొని, నోరు తెరిచి,
సిమెంటు కనురెప్పలతోని పండుకున్నడు.
తిట్టినా బాగుండు.

ఆ రాత్రి బాజన్నే తిని పారేసిన ట్యూనా డబ్బా కడిగి
నడుమ బొటనవేలంత బెజ్జం కొట్టి,
ఊలు కుక్కి, పైపు మూతిల దింపి,
పది నంబరు బోల్టు బిగించిన.
ఇప్పుడు బండి పిల్లి లెక్క పోతది.
కొంచెం జోరు తగ్గింది, నిజమే.
పాత పైపు మంచం కింద ఉన్నది, పాసింగు రోజుకు.

శుక్రవారం మాత్రం
ఆఖరి క్యాంపు గేటు దాటినంక,
మేకలు తప్ప ఎవ్వరూ పండుకోని కాడ ఆపి
పానా తీస్త.
డబ్బా సీటు కింద.
బోల్టు అంగీ జేబుల.
ఇంకా ఉడుకుగనే ఉంటది అది,
మొదటి మలుపు దాకా ఎదకు తగుల్తనే ఉంటది.