గుడ్ల లెక్క

పదిమందిమి.
షుబ్రాలో మా సందు చివర
లిఫ్టు లేని ఐదంతస్తుల మేడలో
నెల మొదటి గురువారం మెట్ల మీద చెప్పుల చప్పుడు వింటే చాలు
ఎవరు డబ్బుతో వస్తున్నారో
ఎవరు సాకుతో వస్తున్నారో చెప్పేస్తాను.

మా అమ్మ నాకు వదిలి వెళ్ళినవి రెండే:
మోకాళ్ళ నొప్పి, ఈ చీటీ పుస్తకం.
"లెక్క రాసే చెయ్యి ఆఖర్న తినాలి" అనేది.
అందుకే పదో నెల ఎప్పుడూ నాది.

ఒకప్పుడు ఆఖరి నెలలంటేనే మోజు.
ముందొస్తే అప్పు, వెనకొస్తే పొదుపు.
తొమ్మిదో నెల డబ్బుతోనే దౌలత్ కుట్టుమిషను కొంది,
మార్సెల్ కొడుకు పెళ్ళికి మంచం చేయించింది.
టీ గ్లాసులో పేర్లు వేసి కుదిపితే
మొదటి పేరుగా వచ్చినామె చిన్నబుచ్చుకునేది.

ఇప్పుడు ఆ గ్లాసు కుదపాలంటే నా చెయ్యే వణుకుతుంది.

పోయినేడు మొదటి నెల
నగ్వా ఎత్తుకున్న పదివేల పౌండ్లకి ఫ్రిజ్ వచ్చింది,
ఐదంతస్తులు మోసిన కుర్రాళ్ళకి టీ డబ్బులూ మిగిలాయి.
ఐదో నెల సబాహ్‌కి అదే పదివేలకి
ఎవరో వాడి అమ్మేసింది దొరికింది,
రాత్రిళ్ళు ముసలాడిలా దగ్గుతుంది.
పదో నెల నేను వెళ్తే
కొట్టువాడు పైనుంచి కిందికి చూసి
"తలుపు కావాలా అమ్మా, అరలు కావాలా?" అన్నాడు.
నవ్వించడానికే అన్నాడు పాపం.
నేను మాత్రం అరల ధర అడిగాను.

ఆ రాత్రి మహ్రూస్
పొద్దంతా మైక్రోబస్సు స్టీరింగు తిప్పిన చేతుల్ని
వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టుకుని
"నీ పుస్తకంలో ఎక్కడో తప్పుంది, చూడు" అన్నాడు.
చూశాను.
ఒక్క కూడికా తప్పలేదు.
ఏడుపొచ్చింది అందుకే.

ఇఖ్లాస్ బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి.
కొత్త చీటీ మొదలుపెట్టే రోజున
సుద్దముక్క కోసం వెతుక్కున్నట్టు వేళ్ళు రుద్దుకుని అంది:
"పూటకో పొడుగుండే స్కేలుతో గుడ్డ కొలుస్తారుటే?
పౌండ్లు వద్దు. గుడ్లలో రాయి.
నెలకి మనిషికి ఐదు అట్టల గుడ్లు,
ఆ నెల ఏ ధరుంటే ఆ ధరకి డబ్బు.
మొదటామె కొన్నన్ని ఆఖరామే కొంటుంది."

"మా ఉపవాసాల్లో గుడ్డు ముట్టం, లెక్క కట్టచ్చా?"
అంది మార్సెల్.
మెట్లదాకా నవ్వులు.

పేజీ పైన "పౌండ్లు" కొట్టేసి "గుడ్లు" అని రాశాను.
మూడు నెలలు
పుస్తకం నిటారుగా నడిచింది.
నేను కోడి మానేసి కాళ్ళు వండాను,
టీలో మూడో చెంచా మానేశాను,
మహ్రూస్ చొక్కాకి కాలరు విప్పి తిరగేసి కుట్టాను.
గుడ్డు ధర పెరిగింది. గుడ్లు పెరగలేదు.
పదో నెల దగ్గరికొస్తోందని
వంటింట్లో ఫ్రిజ్ పెట్టేచోటు ఒకటికి రెండుసార్లు కొలిచాను.

నాలుగో నెల గురువారం
మెట్ల మీద నేను పోల్చుకోలేని చప్పుడు.
మూడో అంతస్తులో ఆగింది. మళ్ళీ కదిలింది.
వఫా.
ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది.
సాకు తేలేదు. రుమాలులో నోట్లు తెచ్చింది,
విప్పి, ఇస్త్రీ చేస్తున్నట్టు ఒక్కోటీ అరచేత్తో సాపు చేసి
"మూడట్టలా పదకొండు గుడ్లు" అంది.
"దుప్పటికింత అని ఇస్తారు ఇన్షిరాహ్,
దుప్పట్లని ఎవరూ గుడ్లలో లెక్కపెట్టరు."

ఇఖ్లాస్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.
ఆమె చెప్పిన లెక్కలో తప్పులేదు.

అట్టా పంతొమ్మిది తక్కువ.
టీ పెట్టాను, వఫా గ్లాసులో మూడు చెంచాలు వేశాను.
ఆమె వెళ్ళిపోయాక
ఆ అట్టా పంతొమ్మిదీ
నా పేరు కింద రాసుకున్నాను,
పెన్సిలుతోనే,
కొంచెం గట్టిగా నొక్కి.