రెండు వేళ్ళు ఎక్కువ

అమీర్‌పేటల మూడో అంతస్తు.
కింద జావా నేర్పుతరు, మీద జర్మన్ నేర్పుతరు,
నడుమ మాకు భూమి నేర్పుతున్నరు.
లిఫ్టు పనిచెయ్యదు.
మెట్ల పొడుగూతా ఫ్లెక్సీల మీద నవ్వే మొఖాలు,
అందరికీ ఉద్యోగాలు వచ్చినయంట.

యాభై ఒకటో ఏట
ఏజెంటు రిజిస్ట్రేషన్ కోర్సుకు ఫీజు కట్టి
ఆఖరి బెంచీల కూసున్న.
అంతకుముందు ఇరవై రెండేండ్లు
జనరల్ బజార్ల బట్ట చించిన.
గజం కట్టె పట్టుకుంటే
చెయ్యి తనంతట తనే రెండు వేళ్ళు ముందుకు జరిగి
కత్తెర పెట్టేది.
సేటు చూసీ చూడనట్టు ఉండేటోడు.
ఆ రెండు వేళ్ళ కోసమే
ఆడోళ్ళు మళ్ళొచ్చి నన్నే అడిగేటోళ్ళు.

పుండరీకం సారు రిటైరయిన సర్వేయరు.
బోర్డు మీద గజం అని రాసి
"ఈడ గజమంటే మూడడుగులు కాదు,
తొమ్మిది చదరపడుగులు" అన్నడు.
నూట ఇరవై ఒక్క గజాలు గుంట.
నలభై గుంటలు ఎకరం.
నేను చెయ్యెత్తిన:
"రెండు వేళ్ళు ఎక్కువ కొలిస్తే, సార్?"
"పక్కోని గోడల కొలిచినట్టు."
క్లాసంతా నవ్వింది. నేను సుత నవ్విన.

రుక్సానా నా ముందు బెంచీ.
మొన్నటిదాంక బ్యాంకు లోన్ల కోసం ఫోన్లు చేసేది,
ఇప్పటికీ "నమస్తే సార్" అనే మొదలుపెడతది.
కార్పెట్ ఏరియా అంటే ఏందని సారు అడిగితే
"చాప పరిస్తే మిగలకుండ పట్టేంత" అన్నది.
పుస్తకంల అంత మంచిగ లేదు.

నాలుగో రోజు గోడ మీద పటం పడ్డది.
సర్వే నంబర్లు, బండ్ల బాట,
వాటి నడుమ వంకర టింకరగా ఒక నీలి గీత.
"చెరువు నిండితే నీళ్ళు ఇందాంక వస్తయి.
లోపలిదంతా శికం. కొనొద్దు, అమ్మొద్దు."
"చెరువే ఎండిపాయె కద సార్,
ఈ గీత ఎవలకు కనిపిస్తది?" అన్నది రుక్సానా.
"నీళ్ళకు కనిపిస్తదమ్మా."

అప్పుడు నవ్వలే ఎవ్వరు.
నేనైతే ఆ వంకర ఎక్కడిదో పోల్చుకుంటున్న.

మూడేండ్ల కింద, ఏ కోర్సూ నంబరూ లేనప్పుడు,
ఒక ఆదివారం వెంచరోళ్ళ బండిల
సాయన్నను తోల్కపోయిన.
మా దుకాణం మెట్ల మీద ఫాలు, పికో కుట్టేటోడు.
బిర్యానీ పొట్లం చేతుల పెట్టిన్రు.
కాగితం మీద "చెరువు వ్యూ" అని రాసున్నది.
నూరు గజాలు.
నాకొచ్చిన కమీషన్‌తోని కొన్న ఫ్రిజ్జు
ఇంట్ల ఇంకా చల్లగనే ఉన్నది.

రంగు పోయే చీరయితే ముందే చెప్పేటోణ్ణి,
మొదటి ఉతుకు ఉప్పు నీళ్ళల్ల జాడియ్యమ్మా అని.
బేరం పోయినా సరే చెప్పేటోణ్ణి.
సాయన్నకు ఏం చెప్పలే.
తెల్వక చెప్పలే, అని రాత్రంతా అనుకున్న.
అడిగితే తెలిసేది, నేను అడగలే,
అని తెల్లారంగ ఒప్పుకున్న.

మాదిరి పరీక్షల పదిహేడో ప్రశ్న:
కొనేటాయనకు ఏజెంటు ఏమేం చెప్పాలె?
పైవన్నీ, అని టిక్కు పెట్టిన.
ఒక మార్కు పడ్డది.

పటం కాపీ తీయించిన.
బ్లాక్ అండ్ వైట్ అయితే రెండు రూపాయలు,
నీలి గీత పోయి బాటల కలుస్తది.
కలరయితే ఇరవై.
ఇరవై ఇచ్చిన.

జనరల్ బజారు మెట్ల మీద సాయన్న
ఎవలిదో ముదురాకుపచ్చ చీర కుడుతున్నడు.
మడత విప్పి ముందట పెట్టిన.
అద్దాలు నుదుటి మీదికి తోసి
"మనది యాడ?" అన్నడు.
గీత మీద నా వేలు పెట్టి,
అక్కడి నుంచి లోపలికి జరిపిన.
పటంల కొలిస్తే
రెండు వేళ్ళంత.

చానాసేపు చూసిండు.
అద్దాలు మళ్ళ కిందికి దింపుకున్నడు.
"కూసో.
ఈ కొంగు అయిపోనీ."